నాలుగు కాళ్ళకూ చెందని రక్తం

నమోదు 431

ఈ ప్రయోగశాలలో జరిగిన ప్రతి పనీ ఇక్కడ రాయాలని నియమం. రాస్తున్నాను. చదివేది అత్తగారే కనుక ముందే చెప్పేస్తున్నాను, ఈసారి నీకు రుచించని మాటలు చాలా ఉంటాయి.

పొద్దున్నుంచి గాలివాన. మెట్టు ఊగుతూనే ఉంది. ఒకప్పుడు సముద్రం అడుగు నుంచి నూనె తోడటానికి నిలబెట్టిన ఇనుప వేదిక ఇది. ఒడ్డు మునిగాక ఊళ్ళకు ఊళ్ళు దీని మీదికి ఎక్కాయి. నాలుగు కాళ్ళు, ఒక్కో కాలి చుట్టూ అంతస్తులుగా ఇళ్ళు, మధ్యలో అందరికీ ఉమ్మడిగా నడిమిబల్ల. ఆసుపత్రి, నా ప్రయోగశాల, చేపల వేలంపాట పాడే చోటు అన్నీ ఆ బల్ల మీదే ఉన్నాయి. పలకలు కడుగుదామని కుళాయి దగ్గర నిలబడితే వాన నన్నే కడిగేసింది.

మధ్యాహ్నం గాలికి తీగ తెగి అత్తగారు మూగబోయింది. అత్తగారంటే మెట్టును నడిపే యంత్రం. దానికి ప్రభుత్వం పెట్టిన పేరు వేరే ఉంది, ఎవరి నోటా రాదు. అన్నిట్లోనూ వేలు పెడుతుంది, తప్పు ఒప్పుకోదు. ఆ మాత్రం చాలదూ ఆ పేరుకు? పుట్టిన ప్రతి బిడ్డ నోట్లో దూదిపుల్ల తిప్పించి, జన్యువులు చదివి, నీ రక్తం గ్రూపు ఇదీ అని చేతికి కడియం తొడిగిస్తుంది. ఆ కడియాన్ని బట్టే ఇల్లు. ఎ వాళ్ళది ఎ-కాలు, బి వాళ్ళది బి-కాలు, నాలాంటి వాళ్ళది ఓ-కాలు, మిగిలినవాళ్ళది ఎబి-కాలు. రక్తం సంచులు మోసుకొచ్చే డ్రోన్లకు వీలుగా ఉంటుందని మొదట్లో అలా విడదీశారట. తర్వాత్తర్వాత అది కులమైంది. బి వాళ్ళు బి వాళ్ళనే పెళ్ళాడతారు, బి వాళ్ళ ఇంట్లోనే తింటారు. మా ఓ వాళ్ళ గొప్ప ఇంకో రకం. మేం అందరికీ ఇస్తాం, ఎవరి దగ్గరా పుచ్చుకోం అని మీసాలు మెలేస్తారు.

అత్తగారు మూగబోతే తప్ప చేతి పరీక్ష చేయకూడదు. సీరం సీసాలున్న విపత్తు పెట్టె అప్పుడే తెరవాలి. తెరిచాను, ఎందుకంటే ఆ వానలోనే పైడితల్లిని మోసుకొచ్చారు.

పైడితల్లి బి-కాలులో వలలు అల్లుతుంది. నెలలు నిండవచ్చాయి. మాయ కిందికి జారి బిడ్డకు అడ్డం పడింది, రక్తం పోతోంది. డాక్టర్ నస్రీన్ చూసి బయటికొచ్చి చెప్పింది. ‘‘ప్రస్తుతానికి ఆగింది రత్నం. మళ్ళీ మొదలైతే కొయ్యక తప్పదు. చేతిలో రక్తం లేకుండా కోస్తే మనిషి దక్కదు. గ్రూపు చూసి సంచి సిద్ధం చెయ్యి.’’

తెల్లపలక మీద మూడు చుక్కల రక్తం వేశాను. ఒకదానికి ఎ ని పట్టే సీరం, ఒకదానికి బి ని పట్టేది, మూడోదానికి ఆర్‌హెచ్ ని పట్టేది కలిపి పలకను అటూ ఇటూ వంచాను. రక్తంలో ఆ గుణం ఉంటే పాలు విరిగినట్టు పలుకులు పలుకులుగా విడిపోతుంది. లేకపోతే ఎర్రగా, నున్నగా ఉండిపోతుంది. ఇక్కడ మేం విరిగింది, విరగలేదు అంటాం.

ఎ విరగలేదు. బి విరగలేదు. ఆర్‌హెచ్ విరిగింది. అంటే ఓ పాజిటివ్. కానీ ఆమె కడియం మీద బి పాజిటివ్ అని ఉంది.

పలక కడిగి మళ్ళీ చేశాను. అదే. సీరం పాడయిందేమోనని ఆమె మొగుడు, గురువులు అనే అతని వేలు గుచ్చి చూశాను. అతనూ బి-కాలు మనిషే. అతనిది బి సీరంతో ముచ్చటగా విరిగింది. సీరం బాగానే ఉంది. పైడితల్లి రక్తమే కడియం మాట వినడం లేదు.

నమోదు 432

గ్రూపు చూడటానికి రెండో దారి ఉంది. ప్రతి మనిషి సీరమూ, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే తేట, తన రక్తంలో లేనిదాన్ని విరుస్తుంది. ఎ వాళ్ళ సీరం బి రక్తాన్ని విరుస్తుంది, బి వాళ్ళది ఎ రక్తాన్ని. ఓ రక్తాన్ని మాత్రం ఎవరి సీరమూ విరవదు. మా వాళ్ళ పొగరంతా అక్కడే ఉంది.

పైడితల్లి సీరం తీసి ఎ రక్తంతో కలిపాను, విరిగింది. బి తో కలిపాను, విరిగింది. ఓ రక్తం కోసం ఎక్కడికో పోవడమెందుకని నా వేలే గుచ్చుకుని ఒక చుక్క వేశాను.

నా చుక్క కూడా విరిగింది.

అలా విరగడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె సీరాన్ని ఆమె రక్తంతోనే కలిపి చూశాను, నున్నగా ఉంది. అంటే సీరం పిచ్చిపట్టి కనబడ్డ ప్రతిదాన్నీ విరవడం లేదు. తనను వదిలేసి మమ్మల్నందర్నీ విరుస్తోంది.

డాక్టర్‌ని పిలిచి పలకలు చూపించాను. ఒక్కోటీ వెలుతురులో వంచి చూసింది. తర్వాత మెల్లగా, ‘‘దీని గురించి పుస్తకంలో ఒక పేరా చదివాను రత్నం. పరీక్షలో రాలేదని సంతోషించాను,’’ అంది. నాకు అర్థం కావడానికి గోడకున్న మేకు చూపించింది. మనందరి రక్తకణాల మీద అలాంటి మేకు ఒకటి ఉంటుందట. దానికి ఎ అనే చొక్కా తగిలిస్తే ఎ గ్రూపు, బి చొక్కా తగిలిస్తే బి. ఓ వాళ్ళకు చొక్కా ఉండదు, మేకు మాత్రం ఉంటుంది. పైడితల్లికి మేకే లేదు. బి చొక్కా కుట్టడానికి కొలతలన్నీ జన్యువుల్లో ఉన్నాయి. అత్తగారు ఆ కొలతలు చదివి బి అంది. తగిలించడానికి మేకు ఉందో లేదో చూడలేదు.

‘‘మేకు లేని ఒంటికి మేకు కూడా పరాయిదే. అందుకే నీ ఓ రక్తాన్నీ ఒప్పుకోదు,’’ అంది డాక్టర్. మునిగిపోయిన బొంబాయిలో మొదట బయటపడింది కనుక దీన్ని బొంబాయి గ్రూపు అనేవారట. ‘‘ఇలాంటి రక్తమే ఉన్న ఇంకో మనిషి దొరకాలి. ఆమె రక్తమే తీసి దాచుకుందామంటే ఇప్పటికే పాలిపోయి ఉంది.’’

నాలుగు కాళ్ళ దగ్గరా, ఈ గోడలోనూ చల్లపెట్టెల నిండా సంచులున్నాయి. పైడితల్లికి అందులో ఒక్కటీ పనికిరాదు.

నమోదు 433

తీగ అతికింది, అత్తగారికి నోరొచ్చింది. వస్తూనే, ‘‘పైడితల్లి, బి పాజిటివ్. రెండు సంచులు విడుదల చేయడమైనది,’’ అంది. గోడలోని చల్లపెట్టె దానంతటదే తెరుచుకుంది.

పలకను దాని కంటికి ఎదురుగా పెట్టాను. ‘‘చేతి పరీక్ష ఫలితాలకు గుర్తింపు లేదు. విపత్తు పెట్టెను మూసివేయండి,’’ అంది.

మూయలేదు. ముడీ వేయలేదు.

మెట్టు మీద ఒక పద్ధతి ఉంది. ల్యాబు మనిషి సంచిలోని రక్తాన్నీ రోగి సీరాన్నీ పలక మీద కలిపి, విరగలేదని కళ్ళారా చూశాక సంచి మెడకు ఎర్ర వలదారంతో ముడి వేస్తుంది. వలలో తెగిన కన్ను కట్టే ముడే అది. అత్తగారు వచ్చాక పలక చూడటం పోయింది, ముడి మాత్రం మిగిలింది. ముడి లేని సంచిని తమ మనిషికి ఎక్కించడానికి ఎవరూ ఒప్పుకోరు. అత్తగారికి చేతులు లేవు కదా.

అందుకే విశ్వంభర్ గారు వచ్చారు. మెట్టు అధికారి. మర్యాదస్తుడు, కుర్చీ తుడుచుకుని కూర్చుంటాడు, కోపం వచ్చినా ‘గారు’ వదలడు.

‘‘రత్నం గారూ, ముడి వెయ్యలేదట?’’

సంచిలోంచి చుక్క తీసి పైడితల్లి సీరంతో ఆయన కళ్ళముందే కలిపాను. క్షణంలో విరిగింది.

‘‘చూడండి. ఇది ఆమె నరాల్లో జరగాలంటారా?’’

‘‘నాకు ఇవి చూడటం రాదండి.’’

‘‘పాలు విరిగితే తెలుస్తుంది కదా మీకు?’’

ఆయన పలక వైపు చూడటం మానేసి నా వైపు చూశాడు. ‘‘ఈ ఒక్క కడియం తప్పని నేను రాశాననుకోండి. రేపు ప్రతివాడూ నాది సరైనదేనా అని అడుగుతాడు. ఇళ్ళు, పెళ్ళిళ్ళు, మంచినీళ్ళ వంతులు అన్నీ ఆ కడియం మీదే నడుస్తున్నాయి. ఒక్క మనిషి కోసం మెట్టంతా ఊపేస్తారా?’’

‘‘గాలివానకే ఊగుతోంది. నేనొక్కదాన్ని ఊపితే ఎంతండీ.’’

‘‘సాయంత్రంలోగా ముడి పడాలి. లేకపోతే మీ కడియానికి ఈ తలుపు తెరుచుకోదు.’’

ఒళ్ళు మండిపోయింది. చూడటం రానివాడు రాదని ఊరుకోవాలి. చూడొద్దని నాకు చెప్పడమేమిటి? ఆయన మెట్లు దిగకముందే, రక్తాన్ని గిరగిరా తిప్పి తేట తీసే సెంట్రిఫ్యూజు ఎత్తుకొచ్చి తలుపుకు అడ్డం పెట్టాను. ఇప్పుడు తెరవడానికి అనుమతి అక్కర్లేదు, అది మూసుకోదు. ఇది కూడా రాసుకో అత్తగారూ, ప్రభుత్వ ఆస్తి దుర్వినియోగం.

నమోదు 434

పైడితల్లి నుంచి ఇంకొక్క చుక్క కూడా తీయడానికి వీల్లేదని డాక్టర్ చెప్పేసింది. తీసిన సీరం గాజుగొట్టం అడుగున నా గోరంత ఎత్తు ఉంది. ఎవరి రక్తం దానితో విరగదో వాళ్ళే పైడితల్లిని బతికించే మనిషి. పరీక్ష ఇంత సులువు. కానీ మనిషికొక చుక్క పోతుంది. అది అయిపోతే వెతకడానికి దారి లేదు.

ఈలోపు సంగతి తెలిసి బి-కాలు జనం ల్యాబు మీదికి వచ్చిపడ్డారు. ముందు గురువులు, వెనక అతని పెదనాన్న, వాళ్ళ వెనక చొక్కా చేతులు పైకి మడిచిన మగవాళ్ళూ ఆడవాళ్ళూ.

‘‘మా పిల్లకి బయటోల్ల రగతమేటి? బి-కాలు సచ్చిపోనాదా?’’ అన్నాడు పెదనాన్న. ‘‘మా సేతుల్లోంచి తియ్యి. ఎంత కావాలో అంత తియ్యి.’’

‘‘మీ రక్తం ఆమెకు పడదు మావా. ఒకే అక్షరం ఉన్నంత మాత్రాన చుట్టాలైపోరు. ఈ సీరం కొంచెమే ఉంది, వృథా చెయ్యలేను.’’

‘‘ఓ-కాలు దానివి. మా రగతం మీద మచ్చెయ్యాలని సూస్తన్నావు!’’

వెనక నుంచి ఎవరో బల్ల తన్నారు. సీసాలు గలగలలాడాయి. గాజుగొట్టాన్ని పిడికిట్లో దాచుకుని, ఇది పగిలితే పైడితల్లిని మీరే చంపినట్టు అని అరిచాను. అప్పుడు గురువులు ముందుకొచ్చాడు. వాన నీళ్ళు కారుతున్నాయో కన్నీళ్ళో తెలియలేదు.

‘‘రత్నమప్పా, ఆల్ల సంగతొదిలీ. నా సెయ్యొకపాలి సూడు. దానికి నా రగతం పడదంటే నానొప్పుకోలేను. సూసి సెప్పు.’’

కాదనలేకపోయాను. ఒక చుక్క వేశాను. అతని రక్తం అతని కళ్ళ ముందే పలుకులు కట్టింది. గురువులు పలకను అలాగే చూస్తూ నిలబడ్డాడు. పెదనాన్న తన చెయ్యి చాపాడు, విరిగింది. ఆయన కొడుకుది విరిగింది. తర్వాత ఇంకా కొందరిది చూడక తప్పలేదు, చూడకపోతే కదిలేలా లేరు. అన్నీ విరిగాయి. ఒక్కొక్కరూ వేలు నోట్లో పెట్టుకుని పక్కకు జరుగుతుంటే వాళ్ళ ముఖాలు చూడలేకపోయాను. సొంత మనిషి గుమ్మంలోంచి పొమ్మన్నట్టు ఉంది వాళ్ళకు.

గొట్టంలో రెండు చుక్కలు మిగిలాయనగా మూత పెట్టేశాను.

నమోదు 435

పైడితల్లి మంచం పక్కన కూర్చున్నాను. పెదవులు కాగితంలా ఉన్నాయి. పొట్ట మీద చెయ్యి తీయడం లేదు.

‘‘నీకు తోడబుట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?’’

‘‘బి-కాలోల్లందరూ నా తోడే.’’

‘‘ఆ మాటలు పెళ్ళిపందిట్లో చెప్పుకో. నీ అమ్మ కడుపున పుట్టినవాళ్ళు కావాలి నాకు.’’

మొహం గోడవైపు తిప్పుకుంది. నేను లేవలేదు.

‘‘అమ్మ తన మేనమామనే సేసుకుంది,’’ అంది చివరికి. ఈ మాట కోసమే నేను చూస్తున్నాను. ఇలాంటి రక్తం ఒకే నెత్తురులో పెళ్ళి జరిగిన ఇళ్ళలో బయటపడుతుందని డాక్టర్ చెప్పింది. అమ్మవైపు నుంచీ నాన్నవైపు నుంచీ మేకు లేని వాటా వస్తేనే ఇలా పుడతారు. అలా వచ్చే వీలు తోడబుట్టిన ప్రతివాళ్ళకూ నాలుగింట ఒక వంతు ఉంటుంది.

‘‘ఇంకా ఎవరున్నారు?’’

‘‘అప్ప ఉండీది. అసిరితల్లప్ప. మెట్టెక్కినప్పుడు దాని సేతికి ఎ అన్నారు, నాకు బి అన్నారు. అటు ఏసేసినారు దాన్ని. నన్ను ఎత్తుకుని తిప్పీది.’’ దుప్పటి అంచును వేలికి చుట్టుకుంది. ‘‘అదిప్పుడు ఎ-కాలు మనిసి. మావోల్లు ఒప్పుకోరు. నాను దాన్ని అడగలేను రత్నమప్పా. ఏ మొకం పెట్టుకుని అడగమంతావు?’’

‘‘నువ్వు అడగొద్దు. నేను అడుగుతాను. నాకు సిగ్గు లేదు,’’ అన్నాను.

నమోదు 436

నడిమిబల్ల నుంచి ఎ-కాలుకి వేలాడే వంతెన. చివర ఇనుప కటకటాల తలుపు. నా కడియం చూసి తలుపు మొరాయించింది. కటకటాలు పట్టుకుని అసిరితల్లీ అని అరిచాను. చేపలు ఎండబెట్టే పందిళ్ళ దగ్గర్నుంచి ఒక ఆవిడ లేచి వచ్చింది. మోచేతుల దాకా ఉప్పు. నడిచి వస్తుంటే పైడితల్లే వస్తోందనుకున్నాను, అదే నడక.

సంగతంతా చెప్పాను. కటకటాలకు అటువైపు నిలబడి విన్నది.

‘‘దానికి నాను గేపకమున్నానా?’’

‘‘ఉన్నావు. నిన్ను అడగడానికి మొహం చెల్లక ఏడుస్తోంది.’’

‘‘అమ్మ పోనాక సముద్రంలోకి దించిన్నాడు ఇక్కడే నిలబడిపోనాను. ఇదే వంతెన. బి-కాలోల్లు నన్ను రానివ్వనేదు. అది అమ్మ పక్కనే ఉంది. తలతిప్పి నాకేసి సూడనేదు.’’

‘‘చిన్నపిల్ల కదమ్మా అప్పుడు.’’

‘‘నాను మాత్రం ముసిల్దాన్నా?’’

కటకటాలు వదలకుండా నిలబడ్డాను. ఆమె తన చేతులకేసి చూసుకుంది. పక్కనున్న తొట్టిలో ఉప్పంతా కడుక్కుని, చీర చెంగుతో తుడుచుకుని, కటకటాల సందులోంచి కుడిచెయ్యి నా మీదికి చాపింది.

‘‘ఏటి సూస్తన్నావు? గుచ్చు.’’

వంతెన మీదే కూర్చుని పలక ఒళ్ళో పెట్టుకున్నాను. ముందు ఎ ని పట్టే సీరంతో చూశాను. కడియం మీద ఎ అని ఉన్న మనిషి రక్తం విరగలేదు. మిగిలిన రెండు చుక్కల్లో ఒకటి వేశాను. వంతెన ఊగుతుంటే పలక దానంతటదే వంగింది. చూశాను. ఎదురుచూశాను. ఎర్రగా, నున్నగా, కదలని నీళ్ళలా ఉండిపోయింది. నమ్మకం చాలక రెండో చుక్క కూడా వేశాను. అదీ విరగలేదు.

ఏడ్చేశాను. ఇన్నేళ్ళలో పలక చూసి ఏడవడం ఇదే.

‘‘ఏటే, బాగునేదా?’’ అంది అసిరితల్లి కంగారుగా.

‘‘మెట్టు మీద నీ చెల్లెలికి చుట్టానివి నువ్వొక్కదానివే,’’ అన్నాను.

నమోదు 437

అసిరితల్లి కడియానికి ఆ తలుపు తెరుచుకోవాలి, నడిమిబల్ల అందరిదీ కనుక. తెరుచుకోలేదు. ‘‘ఎ దాత, బి రోగి. నిషిద్ధం. వంతెన మూసివేయడమైనది,’’ అంది అత్తగారు. అదే సమయానికి ఆసుపత్రి నుంచి డాక్టర్ కేక పెట్టింది. పైడితల్లికి మళ్ళీ రక్తం మొదలైంది.

ఇక ఆలోచించలేదు. ఖాళీ సంచి, గొట్టం, సూది తెప్పించి వంతెన మీదే చతికిలబడ్డాను. అసిరితల్లి అటు కూర్చుని కటకటాల మధ్యలోంచి చెయ్యి ఇటు పెట్టింది. సంచిని వంతెన చెక్కల సందులోంచి కిందికి వేలాడదీశాను, కింద సముద్రం. ఆమె పిడికిలి బిగిస్తూ వదులుతూ ఉంటే సంచి నిండుతోంది. ఎ-కాలు జనం ఆమె వెనక చేరారు, బి-కాలు జనం నా వెనక చేరారు.

‘‘ఎ రగతం మన ఇంటికా?’’ అన్నాడు గురువులు పెదనాన్న. ‘‘రేపు ఆ పిల్లకి పుట్టిన బిడ్డని ఎవులు సేసుకుంతారు?’’

గురువులు ఆయనకేసి తిరిగాడు. ‘‘బిడ్డ పుట్టాల గదా పెదనాన్నా, ఎవులైనా సేసుకోడానికి? మీ రగతం విరిగిపోనాది. నా రగతమూ విరిగిపోనాది. సూసినాం గదా అందరం. ఇంక నోరుముయ్యండి.’’ వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అసిరితల్లి చెయ్యి ఊగకుండా మోచేతి కింద తన అరచెయ్యి పెట్టాడు. ‘‘వదినా,’’ అన్నాడు.

విశ్వంభర్ గారు వంతెన మొదట్లో నిలబడి నా పేరు పిలుస్తున్నారు. వంతెన మీదికి మాత్రం రాలేదు. అది ఊగుతోంది కదా.

సంచి నిండాక సూది తీశాను. ‘‘ఇంకో సంచి తియ్యి,’’ అంది అసిరితల్లి.

‘‘ఒల్లను. నువ్వు కూడా బతికుండాలి.’’

ఎర్ర దారం తీసి సంచి మెడకు ముడి వేశాను. ఈసారి కళ్ళారా చూసి వేశాను. గురువులు దాన్ని పొట్టకు హత్తుకుని పరిగెత్తాడు.

డాక్టర్ నస్రీన్ కోసినంతసేపూ గదిలో అత్తగారు ప్రాణాపాయం, ప్రాణాపాయం అని కూస్తూనే ఉంది. ‘‘దాని నోరు మూయించే మీట ఎక్కడుంది రత్నం?’’ అంది డాక్టర్, తల ఎత్తకుండా. మీట దొరకలేదు. గోడలోని స్పీకరుకు తడిగుడ్డ కుక్కాను. సంచిలోంచి ఒక్కో చుక్కా పైడితల్లి చేతిలోకి దిగుతుంటే ఆమె ముఖం తప్ప ఇంకేం చూడలేదు. చలి రాలేదు, వణుకు రాలేదు, ఒంటి మీద దద్దురు రాలేదు. రక్తం తన ఇంటికి తాను వెళ్ళినట్టు వెళ్ళింది.

ఆడపిల్ల. పుట్టగానే మెట్టు మొత్తం వినబడేలా ఏడ్చింది. తల్లి బతికింది.

నమోదు 438

అనుమతి లేని నమోదు. పొద్దున్నే అత్తగారు నన్ను విధుల నుంచి తప్పించి ఈ పుస్తకాన్ని మూసేసింది. పాత సీరం డబ్బాల అట్టల వెనక రాస్తున్నాను.

నిన్న సాయంత్రం అసిరితల్లి ఇంకా కటకటాల అవతలే కూర్చుని ఉంది, మోచేతి మడతలో దూది పెట్టుకుని. ఇచ్చిన రక్తం లోపలికి వెళ్ళింది గానీ ఆమెను వెళ్ళనివ్వలేదు. అది చూసిన బి-కాలు వాళ్ళు మాట్లాడకుండా పడవలు బాగుచేసే పనిముట్లు తెచ్చారు. ఎ-కాలు వాళ్ళు అటు నుంచి బోల్టులు విప్పారు. కోసేటప్పుడు నిప్పురవ్వలు లేస్తుంటే పెదనాన్నే తడిగోనె పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు ఆ కటకటాల తలుపు పందిట్లో అడ్డంగా పడి ఉంది. దాని మీద సావిళ్ళనే పొడుగు చేపలు ఎండుతున్నాయి.

అసిరితల్లి నడిచి వెళ్ళి చెల్లెలి మంచం దగ్గర నిలబడింది. ‘‘అప్పా,’’ అంది పైడితల్లి. ‘‘అమ్మని దించిన్నాడు నాను నిన్ను సూసినాను. సూసి తల తిప్పేసినాను.’’ అసిరితల్లి బిడ్డను ఎత్తుకుని, ముక్కు అమ్మదే అని, పక్కన కూర్చుంది.

బిడ్డ చేతికి తొడగమని అత్తగారు కడియాన్ని గోడలోంచి బయటికి తోస్తే పైడితల్లి బిడ్డను దుప్పట్లోకి లాగేసుకుంది. ‘‘ముందు రత్నమప్ప పలక మీద సూడాల,’’ అంది. చూశాను. బి పాజిటివ్. మేకూ ఉంది, చొక్కా ఉంది. అత్తగారు చదివింది కూడా అదే. ఈసారి ఇద్దరిదీ ఒకే మాట. అయినా కడియం వద్దన్నారు.

ఈరోజు తెల్లవారేసరికి ల్యాబు ముందు వరస. గర్భిణులు ముందు, తర్వాత పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, తర్వాత అందరూ. మా ఓ-కాలు మీసాలవాళ్ళు కూడా వచ్చారు, కొంచెం తగ్గి. అందరి పరీక్షలకూ సరిపడా సీరం నా దగ్గర లేదు. పలక మీద ఎ అని తేలినవాళ్ళ సీరం, బి అని తేలినవాళ్ళ సీరం తీస్తే మిగతా అందరినీ చూడొచ్చని చెప్పాను. ఒకరిది లేకుండా ఇంకొకరి గ్రూపు తెలియదని అర్థమయ్యాక రెండు కాళ్ళ వాళ్ళూ చేతులు చాపి కూర్చున్నారు. ఆర్‌హెచ్ సీరం మాత్రం ఒక్క సీసానే ఉంది, అది కడుపుతో ఉన్నవాళ్ళకే అని కచ్చితంగా చెప్పేశాను. గురువులు వరస సర్దుతున్నాడు. అసిరితల్లి పలకలు కడుగుతోంది. తన సీరం కూడా ఒక గొట్టం నిండా ఇచ్చింది. అది విరవని ఇంకో మనిషి దొరికితే, చెల్లెలికి మళ్ళీ అవసరమైతే ఉంటారని.

విశ్వంభర్ గారు కాగితం పట్టుకుని వచ్చారు. వరస పక్కనుంచి నడిచి నా బల్ల ముందు నిలబడ్డారు.

‘‘రత్నం గారూ, మీరు విధుల్లో లేరు. ఈ పెట్టె తెరవడం నేరం. ఈ పరీక్ష నేరం. ఇక్కడ నిలబడ్డ ప్రతివాళ్ళూ నేరం చేస్తున్నారు. తెలుసా మీకు?’’

‘‘తెలుసండీ.’’

‘‘మరి ఆపండి.’’

అప్పుడే ఒక చంటిబిడ్డ మడమ గుచ్చి చుక్క వేశాను. సీరం కలిపి పలక ఎత్తాను. విరిగిందో లేదో తేలడానికి మంచి వెలుతురు కావాలి.

‘‘కొంచెం పక్కకు జరగండి,’’ అన్నాను. ‘‘మీ నీడ నా పలక మీద పడుతోంది.’’